తోచని కీడు

ఆ కార్డు చెయ్యడానికి నెరిస్సాకి పట్టింది నాలుగంటే నాలుగు నిమిషాలు. ఐదో నిమిషానికి కంప్యూటరు ముందు నుంచి లేచి, పంచదార పాకం పట్టిన అరటిపండు వేపుడు కొనుక్కోవడానికి గేటు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ నాలుగు నిమిషాల్లో తను ఏం ఆలోచించిందో తర్వాత ఎంత తవ్వుకున్నా ఆమెకి గుర్తు రాలేదు. ఆలోచిస్తే కదా గుర్తు రావడానికి! చేతులు వాటంతటవే చేసుకుపోయాయి.

ఫిలిప్పీన్స్‌లోని కేసోన్ తీరంలో, సముద్రపు గాలికి కిటికీ చువ్వలన్నీ తుప్పు పట్టిపోయే ఒక చిన్న విశ్వవిద్యాలయం అది. గ్రంథాలయం పైఅంతస్తులో పరిశోధన కార్యాలయం. అక్కడ నెరిస్సా చేసే పనేమిటో వాళ్లమ్మకి ఎప్పుడూ అర్థం కాలేదు. మేష్టార్లు రాసిన పరిశోధన పత్రాల గురించి నెట్‌లో జనం ఎంత మాట్లాడుకుంటున్నారో లెక్కపెట్టడం. "అంటే పక్కింటివాళ్ల కబుర్లు చెవిన వేసుకోవడానికి జీతం ఇస్తారన్నమాట" అనేది ఆవిడ. అంతే మరి, కాదనడానికేముంది? ఎక్కడో దూరదేశంలో ఒక కంపెనీ ప్రోగ్రాము ఉంది. పత్రం లంకె పెట్టి ఎవరు ఏం రాసినా అది పట్టేస్తుంది, లెక్కేస్తుంది, చివరికి ఒక గుండ్రటి రంగుల చక్రం గీసి మధ్యలో అంకె వేస్తుంది. ఆ చక్రాన్ని ఆఫీసులో అందరూ బిబింకా అంటారు, అరటాకులో కాల్చే బియ్యప్పిండి రొట్టెలా గుండ్రంగా ఉంటుందని. "ఈవేళ మన బిబింకా ఎంత పొంగింది?" అని అడుగుతూ పొద్దున్నే లోపలికి వస్తాడు ఆఫీసు పెద్ద, సర్ బెనితో.

ఆ ఏడు బిబింకా పొంగాల్సిన అవసరం గట్టిగానే ఉంది. మనస్తత్వశాస్త్రం విభాగంలో పిల్లలు పందొమ్మిది మందే మిగిలారు. జూన్‌లో మనీలా నుంచి తనిఖీవాళ్లు వస్తారు. విభాగానికి పేరుందని చూపించలేకపోతే దాన్ని తీసి ఉపాధ్యాయ శిక్షణలో కలిపేస్తారు. చూపించడానికి ఉన్నదల్లా ఒక్కటే, డాక్టర్ ఎదితా రాసిన పత్రం.

డాక్టర్ ఎదితాకి అరవై నాలుగేళ్లు. గొడుగు లేకుండా ఎప్పుడూ కనిపించదు. ఆరేళ్లపాటు తీరమంతా తిరిగి, దీవుల్లోకి పడవలెక్కి వెళ్లి, పదకొండు మంది ముసలి మంత్రసానుల పక్కన కూర్చుంది. గర్భిణి గుమ్మంలోకి అడుగుపెట్టగానే, ఇంకా ఒంటి మీద చెయ్యి వెయ్యకముందే, "నీ మనసుకి ఏం తోస్తోంది?" అని వాళ్లని అడిగేది. ఒక్క ఊపిరిలో చెప్పాలి. ఆలోచించకూడదు. అలా నాలుగు వందల పైచిలుకు కాన్పులు రాసుకుంది. ఆలోచన కంటే ముందు పరిగెత్తే మనసుని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చడం ఆవిడ పంతం.

ఆ తోచడానికి అక్కడి భాషలో కుతోబ్ అని పేరు. ఊరికే అనిపించడం కాదు అది. గుండె దడదడలాడి, మనసు కీడు శంకించడం. ఆవిడ తేల్చింది ఇదీ: మంత్రసాని మనసు కీడు శంకిస్తే పదిలో ఎనిమిది సార్లు నిజంగానే కీడుంది. మనసు శంకించకపోతే మాత్రం ఏమీ చెప్పలేం. మిగతా అందరికీ వచ్చినట్టే ఆ గర్భిణులకీ కాన్పులో కష్టాలు వచ్చాయి. పత్రం మొదట్లోనే ఆవిడ రెండు వాక్యాలు సొంత భాషలో రాసిపెట్టింది, మామూలు మనుషులు కూడా చదువుకోవాలని. "మనసు కీడు శంకిస్తే ఆ మాట వినండి. శంకించలేదు కదా అని మాత్రం ధీమాగా కూర్చోకండి."

ఫేస్‌బుక్‌లో పెట్టే కార్డు మీద ఏడు మాటల కంటే ఎక్కువ పట్టవు. పట్టినా జనం చదవరని సర్ బెనితో లెక్క. నెరిస్సా రెండో వాక్యం తీసేసింది. మొదటిది కూడా పొడుగనిపించింది. చివరికి ఆకాశం రంగు మీద పెద్ద తెల్లక్షరాలతో ఇలా వేసింది: "మీ కుతోబ్ అబద్ధం చెప్పదు. శాస్త్రం తేల్చింది." కింద చీమ తలకాయంత అక్షరాల్లో పత్రం లంకె.

నాలుగు రోజుల్లో నలభై ఎనిమిది వేల మంది పంచుకున్నారు!

మొగుడి మీద అనుమానాలున్న ఆడవాళ్లు పంచుకున్నారు. కోడిపందాల వాళ్లు పంచుకున్నారు. ఒక లాటరీ జోస్యుడు పంచుకుని, కింద తన ఫోను నంబరు వేసుకున్నాడు. "మా అత్త రాక్షసి అని పెళ్లి రోజే తోచింది, ఇప్పుడు శాస్త్రం కూడా ఒప్పుకుంది" అని ఒకావిడ రాస్తే, దానికే మూడు వేల నవ్వులు పడ్డాయి. ప్రోగ్రాము అన్నింటినీ పట్టుకుని చక్రంలో వేసుకుంది. విశ్వవిద్యాలయం పుట్టినప్పటి నుంచి ఏ పత్రానికీ ముప్పై దాటని అంకె ఆరు వందలకి ఎగబాకింది. సర్ బెనితో నిజం బిబింకాలే రెండు బుట్టలు తెప్పించి అందరికీ పంచిపెట్టాడు.

పత్రాన్ని తెరిచి చూసినవాళ్లు ముప్పై ఒక్క మంది. ఆ లెక్క వేరే గడిలో ఉంటుంది. నెరిస్సా తప్ప ఇంకెవరూ అటు చూడరు.

డాక్టర్ ఎదితా ఐదో రోజు మధ్యాహ్నం వచ్చింది. తడి గొడుగు తలుపు దగ్గర ఆనించి, నెరిస్సా బల్ల ముందు నిలబడింది.

"రెండో వాక్యం ఏదమ్మా?"

"చోటు సరిపోలేదు డాక్."

"చోటు సరిపోలేదా! ఆరేళ్లు తిరిగింది నేను దానికోసమేగా. మొదటి వాక్యం మంత్రసానులందరికీ తెలిసిందే, వాళ్లకి నేను చెప్పాలా? ఎవరికీ తెలియంది ఆ రెండోదే. దాన్నే కోసి పారేశావు."

నెరిస్సాకి భయం వేసింది. కోసింది చెత్త కాదు, అసలు సరుకని ఆమెకి అప్పుడు తెలిసింది. వెంటనే కార్డు మార్చేద్దామని లేచింది. సర్ బెనితో గాజు తలుపు లోపలి నుంచి అంతా వింటూనే ఉన్నాడు.

"మార్చితే పాతది చెరిపెయ్యాలి. చెరిపేస్తే పంచుకున్నవన్నీ పోతాయి. గెలుస్తున్న కోడిని బరిలోంచి ఎవడైనా ఎత్తుకుపోతాడా? డాక్, తనిఖీవాళ్లు శుక్రవారం వస్తున్నారు. ఈ అంకె లేకపోతే మీ విభాగం శనివారానికి ఉండదు. ఇక మీ ఇష్టం."

డాక్టర్ ఎదితా కిటికీ దగ్గరికి నడిచింది. కింద మైదానంలోకి చూసింది. అక్కడ ఆవిడ పిల్లలు, ఉన్న పందొమ్మిది మందిలో ఓ ఆరుగురు, వానలో తడుస్తూ బంతాట ఆడుతున్నారు. "కనీసం కింద ఒక దిద్దుబాటైనా పెట్టండి" అంది మెల్లగా. గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

దిద్దుబాటు పెట్టారు. రెండు వాక్యాలూ ఉన్న దాన్ని నెరిస్సా అదే ఆకాశం రంగు మీద, అంతే శ్రద్ధగా చేసింది. దాన్ని పదకొండు మంది పంచుకున్నారు. అందులో ఒకడు "ఇదేంటి, ముందు ఒకటి చెప్పి ఇప్పుడు ఇంకోటా? సైన్సువాళ్లకే సరిగ్గా తెలీదు" అని రాశాడు. అదీ లెక్కలోకి వచ్చింది.

ఆ రోజు నెరిస్సాకి వేసిన భయం ఎవరి గురించో ఇప్పుడు చెప్పాలి. ఆమె చెల్లెలు హాజెల్‌ని తీరానికి ఎదురుగా ఉన్న దీవిలో ఇచ్చారు. పడవలో గంటన్నర. హాజెల్‌కి మొదటి కాన్పు, తొమ్మిదో నెల నడుస్తోంది. అందరూ నానయ్, అంటే అమ్మ, అని పిలిచే ఆమె అత్తగారు పురింగ్ దీవిలో సగంమందికి బొడ్డు కోసిన మంత్రసాని. ఇళ్లలో కాన్పులు చెయ్యకూడదని పురపాలకం వాళ్లు ఆజ్ఞ వేశాక చేతులు ముడుచుకుని కూర్చుంది, మనసు మాత్రం ముడుచుకోలేదు. డాక్టర్ ఎదితా పత్రంలో పేర్లు లేవు, నంబర్లే. ఏడో నంబరు తనేనని నానయ్ పురింగ్ చేపల రేవులో అందరికీ చెప్పుకుంది. కార్డు రాగానే కొడుకు చేత రంగుల్లో అచ్చు వేయించి, ప్లాస్టిక్ తొడిగించి, పక్కనే మేరీమాత పటం ఉన్న గోడకి కొట్టించింది.

బుధవారం పొద్దున హాజెల్ ఫోను చేసింది. అక్కని ఆతె అనే పిలుస్తుంది.

"ఆతె, తల పగిలిపోతోందే. నిన్నటి నుంచి. కాళ్లు ఎంత వాచాయంటే చెప్పులు పట్టట్లేదు. మీ మరిది చెప్పులేసుకుని ఏనుగులా తిరుగుతున్నా."

నెరిస్సా నవ్వబోయి ఆగింది. "కళ్ల ముందు మెరుపుల్లాంటివి కనిపిస్తున్నాయా?"

"ఆ. నీకెలా తెలుసు?"

"రేపు పొద్దున పడవెక్కి వచ్చెయ్. ఆసుపత్రికి పోదాం. నేను రేవులో ఉంటా."

"నానయ్ వద్దంటోంది. ఆవిడకేం తోచలేదట. పొద్దున పొట్ట మీద చెయ్యేసి చూసి మరీ చెప్పింది. నీ కార్డే చూపించింది ఆతె. 'మీ అక్క రాసిందేగా, నీకు నామీద కాకపోతే మీ అక్క మీదైనా నమ్మకం లేదా' అంది. ఏం చెప్పను నేను?"

"హాజెల్, విను. ఆ కార్డులో సగమే ఉంది. మిగతా సగం నేను కోసేశాను. ఆవిడకి కీడు తోస్తే నమ్మాలి. తోచకపోతే నమ్మకూడదు. తోచకపోవడానికి అర్థమేం లేదు. అర్థమవుతోందా?"

"లేదు" అంది హాజెల్ నిజాయితీగా. "మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పేలోపు ఫోను నానయ్ పురింగ్ చేతిలోకి మారింది. ఆవిడ గొంతు రేవులో చేపలు బేరమాడే గొంతు.

"ఏమ్మా నెరిస్సా, పట్నం పిల్లా! నా కోడల్ని భయపెడుతున్నావేంటి? మొదటి కాన్పుకి కాళ్లు వాయవా? నావి వాయలేదా, మీ అమ్మవి వాయలేదా?"

"నానయ్, తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, అవి మంచివి కాదు. ఒక్కసారి రక్తపోటు చూపించుకుంటే..."

"నలభై ఏళ్ల నుంచి నా కుతోబ్ తప్పలేదు. ఆరేళ్లు మీ డాక్టరమ్మ నన్ను అడిగి అడిగి రాసుకుంది. మాట చెప్పిన ప్రతిసారీ తల ఊపింది. ఊరివాళ్ల బిడ్డలకి కీడుంటే తోచినదాన్ని, నా సొంత మనవడికుంటే తోచదా? నా మనసు రాయనుకున్నావా?"

"తోచకపోవచ్చు నానయ్. డాక్ రాసింది కూడా అదే."

"కుతోబ్ అబద్ధం చెప్పదని రాసింది ఎవరు?"

"నేనే."

"అయితే నువ్వు రాసింది అబద్ధమా?"

అవునంటే ఒక అబద్ధం, కాదంటే ఇంకో అబద్ధం. నిజం చెప్పాలంటే రెండు వాక్యాలు కావాలి. నానయ్ పురింగ్ రెండో వాక్యం దాకా ఆగే మనిషి కాదు. ఆ మాటకొస్తే ఎవరాగారు కనుక? "అబద్ధం కాదు కానీ" అంటూ నెరిస్సా మొదలుపెట్టేసరికి, "ఆ, అలా దారికి రా" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

తనే వెళ్లి తీసుకొద్దామనుకుంది. గురువారం సెలవడిగింది. సర్ బెనితో చేతులు జోడించినంత పని చేశాడు. "రేపు తనిఖీ, ఇవాళ నువ్వు దీవికెళ్తే ఆ పట్టికలు ఎవరు వేస్తారు? ఆ ప్రోగ్రాము తెరవడం కూడా నాకు రాదు. శనివారం పొద్దున్నే పో. కావాలంటే సోమవారం కూడా తీసుకో." పర్మనెంటు కాని ఉద్యోగం ఆమెది, ఆర్నెల్లకోసారి సంతకం పెట్టించుకునే బతుకు. ఉండిపోయింది. గురువారం రెండుసార్లు, శుక్రవారం మూడుసార్లు చెల్లెలికి ఫోను చేసింది. "తలనొప్పి తగ్గిందిలే" అంది హాజెల్ శుక్రవారం సాయంత్రం. అత్తగారు పక్కనే ఉండి అనిపించిందో, నిజంగానే తగ్గిందో దేవుడికి తెలియాలి. తనిఖీవాళ్లు బిబింకా చూసి ముచ్చటపడి వెళ్లారు. వాళ్లలో ఒకాయన ఫోను తీసి, "ఇది మా ఆవిడ నాకు పంపింది, మీదేనా!" అని ఆశ్చర్యపోయాడు.

శనివారం మొదటి పడవలో నెరిస్సా దీవికి వెళ్లింది. ఇల్లు ఇంకా కనపడకముందే జనం కనిపించారు. హాజెల్ వంటింటి చాప మీద ఉంది. ఒళ్లంతా కొయ్యబారి, కొట్టుకుని, మళ్లీ కొయ్యబారుతోంది. నోటి పక్కన నురగ. పొయ్యి మీద అన్నం మాడిపోతుంటే ఎవరూ దించలేదు. నానయ్ పురింగ్ కోడలి తల ఒళ్లో పెట్టుకుని, పళ్ల మధ్య గుడ్డ పెట్టడానికి చూస్తోంది.

నీళ్లు వెనక్కి తీసిన వేళ అది. నెరిస్సా దిగిన పడవ అప్పటికే వెళ్లిపోయింది. దీవి పడవలు అరమైలు దూరాన బురదలో కూర్చుని ఉన్నాయి. నలుగురు మగవాళ్లు హాజెల్‌ని ప్లాస్టిక్ కుర్చీకి కట్టి, మోకాలి లోతు బురదలో మోసుకెళ్లారు. నెరిస్సా పక్కన పరిగెడుతూ, చెల్లెలి ముఖం మీద ఎండ పడకుండా చేతిసంచి అడ్డం పెట్టింది. కుర్చీ రెండుసార్లు ఒరిగింది. పడవని నీళ్లలోకి నెట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. దారి పొడుగునా ఆమె పడవవాణ్ణి ఇంకా వేగంగా, ఇంకా వేగంగా అని తిడుతూనే ఉంది. పాపం, ఆ ఇంజను వేగమే అంత.

ఆసుపత్రిలో హాజెల్‌ని బతికించారు. కోసి తీసేసరికే బిడ్డ పోయాడు. మగబిడ్డ, తల నిండా జుట్టు. డాక్టరు చాలా చిన్నవాడు, ఏం చెప్పాలో తెలియక నేల వైపు చూస్తూ చెప్పాడు. నిన్న తీసుకొచ్చి ఉంటే ఇద్దరూ దక్కేవాళ్లు.

నానయ్ పురింగ్ వరండాలో బెంచీ మీద కూర్చుంది. చీలమండల దాకా ఎండిన బురద. ఆవిణ్ణి నాలుగు మాటలు అని కడిగెయ్యాలని నెరిస్సా పళ్లు బిగబట్టుకుని వెళ్లింది. తను దగ్గరికి చేరేలోపే ఆవిడ తలెత్తింది.

"నాకేం తోచలేదే" అంది. "ఒట్టు. వాడి మీద ఒట్టు. చెయ్యేసి చూశాను, కళ్లు మూసుకుని చూశాను, తోస్తుందేమోనని రాత్రంతా కాచుకుని కూర్చున్నాను. ఏమీ తోచలేదు. ఎందుకు తోచలేదే తల్లీ?"

నెరిస్సా ఆవిడ పక్కన కూర్చుండిపోయింది. దానికి సమాధానం పత్రంలో లేదు. తోచకపోవడానికి అర్థం ఉండదని మాత్రమే ఉంది.

డాక్టర్ ఎదితా ఆదివారం వచ్చింది. గొడుగు లేకుండా, తడిసి వచ్చింది. లోపలికి వెళ్లే ధైర్యం లేక వరండాలోనే నిలబడింది. "ఆ పత్రం వెనక్కి తీసేసుకుంటాను" అంది.

"పత్రంలో తప్పేం లేదుగా డాక్."

"అయినా సరే. వెనక్కి తీసుకున్నానని తెలిస్తే జనం..."

"వెనక్కి తీసుకున్నారని ఇంకో పదివేల మంది రాస్తారు. అంకె ఇంకా పెరుగుతుంది" అంది నెరిస్సా. ఎగతాళికి అనలేదు, ఆమె పనే అది కనుక తెలుసు. డాక్టర్ ఎదితా గోడకి ఆనుకుని, ముఖం కప్పుకుని ఏడ్చింది. ఆవిడ విభాగం నిలబడిందని ఆ వారంలోనే ఉత్తరం వచ్చింది.

నెరిస్సా కార్డుని తనే చెరిపేసింది, ఎవరినీ అడగలేదు. అప్పటికే జనం దాన్ని బొమ్మగా దాచుకుని, వాళ్ల వాళ్ల గోడల మీద వేసుకున్నారు. పొద్దున చెరిపితే మధ్యాహ్నానికి ఇంకెక్కడో కనిపించేది, ఒకచోట పసుపు రంగులో, ఒకచోట పువ్వులతో. సర్ బెనితో ఆమెని ఏమీ అనలేదు. ఆయన కూడా మనిషే. ఒకరోజు ఆమె బల్ల మీద అన్నం పొట్లం పెట్టి వెళ్లిపోయాడు.

నెలాఖరులో పట్టిక వెయ్యాలి. కొత్తగా వచ్చిన ప్రస్తావనలు ఒక్కొక్కటీ తెరిచి, నిజం మనుషులవో కాదో చూసి, సరే అని నొక్కడం ఆమె పని. నూట నలభై ఉన్నాయి. తొంభైయో, తొంభై ఒకటో తెరిస్తే హాజెల్ పేరు కనిపించింది.

హాజెల్ పత్రం లంకె పెట్టి రాసింది. ఎక్కువ రాయలేదు. "మా అత్తకి కీడు తోచలేదు. నేను నమ్మాను. నా కొడుక్కి పేరు పెట్టేలోపే పాతిపెట్టాం. దయచేసి ఈ లంకె నొక్కి రెండో వాక్యం చదవండి." దాని కింద ఏడుపు ముఖాలు, చేతులు జోడించిన బొమ్మలు. ఒకావిడ "తల్లిగా నీకైనా తోచి ఉండాల్సింది చెల్లీ, తల్లి కుతోబ్ అబద్ధం చెప్పదు" అని రాసింది. నెరిస్సా పక్క గడిలోకి చూసింది. పత్రం తెరిచినవాళ్లు ముప్పై రెండు మంది. కొత్తగా పెరిగిన ఆ ఒక్కరూ హాజెలే అయి ఉంటుంది.

ఆమె వరండాలోకి వెళ్లి ఫోను చేసింది. హాజెల్ చాలాసేపటికి ఎత్తింది.

"చూశావా ఆతె?"

"చూశాను."

"మీ మిషను పట్టుకుందా దాన్ని?"

"పట్టుకుంది."

"ఇది మిగతావాటిలాంటిది కాదుగా. పొగుడుతూ రాసింది కాదు. దీనికి ఏం చేస్తుంది అది?"

"కలుపుతుంది" అంది నెరిస్సా. "అన్నిటినీ కలపడమే. తీసెయ్యడం దానికి రాదు."



"అంటే నా వల్ల కూడా పెరిగిందా?"

"ఒకటి పెరిగింది."

"వాడు లెక్కలోకి వచ్చాడన్నమాట" అంది హాజెల్. ఆ తర్వాత ఆమె ఏడుస్తుంటే నెరిస్సా ఫోను చెవికి ఆనించుకుని వింటూ నిలబడింది. లోపల బల్ల దగ్గర తెరిచి చూడాల్సినవి ఇంకా యాభై మిగిలి ఉన్నాయి.